ఐదు పాయింట్ల అక్షరాలు

మట్టెవాడ గల్లీల మా ప్రెస్సు.
పన్నెండేండ్ల సంది
మిక్చర్ పొట్లాలకు, టమాట సాసులకు,
పిల్లల నూడుల్స్‌కు లేబుళ్లు కూర్చుడే నా పని.
పేరు పెద్దగ. బొమ్మ ఇంకా పెద్దగ.
వెనుక, మడత పడే చోట,
చీమల బారు లెక్క కొన్ని అక్షరాలు,
నడుమ నడుమ అంకెలు:
నూట రెండు. నూట ఇరవైనాలుగు. ఆరువందల ఇరవై ఒకటి.
బస్సు నంబర్లో, ఇంటి నంబర్లో అన్నట్టే
కొట్టుకుంట పోయిన.
"ఇంకింత చిన్నగ చెయ్ ఓదెలన్నా,
ఎవడు చదువుతడు?" అనేటోడు పార్టీ ఆయన.
చేసిన. ఐదు పాయింట్లకు దించిన.
నిజంగనే ఎవడూ చదువలే.
నేను సుత.

మా బిడ్డ సారిక వీపు నిండ
దద్దుర్లు లేచిన రాత్రి
ఎంజీఎంల డాక్టరమ్మ
లైటు కిందికి జరిపి చూసింది.
"దేనితోనని ఇప్పుడే చెప్పలేను.
నెల రోజులు పొట్లాలు ఆపండి.
తిన్నదల్లా రాసుకొని రండి."

రాసుడంటే రాస్త.
వండుడెట్ల?
స్వరూపకు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.
నాకొచ్చింది చాయ్ ఒక్కటే.

పక్కింటి మల్లవ్వ మా గడప మీద కూసోని,
లోపలికి రాకుంటనే నేర్పింది:
"ఎసరు మాట్లాడుతది, ఇను.
గలగల అన్నప్పుడు బియ్యం పొయ్యి.
గుసగుస అన్నప్పుడు మంట తగ్గియ్యి."
పప్పుల ఉప్పెంతవ్వా అంటే
"చెయ్యికే ఎరుక" అన్నది.
నా చెయ్యికి ఎరుక లేదు.
మొదటి దినం పప్పు నోట్లె పెట్టరాలే.
రెండో దినం చప్పిడి.
జొన్నరొట్టె పెనం మీదనే
ఎండకాలం చెరువు లెక్క పర్రెలు వాసింది.
సారిక ఆ ముక్కలు పళ్లెంల జోడిచ్చి
"ఇగో బాపూ, మన జిల్లాలు" అని నవ్వింది.

నూడుల్స్ కావాలని ఏడ్చింది కూడ.
అబద్ధమెందుకు,
మూడో ఆదివారం నాకు సుత
ఆ మసాలా పొట్లం చింపిన వాసన మతికొచ్చి
చాలాసేపు పోలే.

ఎనుమాముల నుంచి చపాట మిరపకాయలు తెచ్చిన.
దొడ్డుగ, టమాట పండు లెక్క.
కారం తక్కువ, ఎరుపు ఎక్కువ.
తొడిమెలు తీసి, ఎండకు ఆరబోసి,
ఎల్లిపాయలు, గల్లుప్పు వేసి
మల్లవ్వ రోట్లె దంచితే
వాడకట్టంత తుమ్మింది.
ఎర్రబడ్డ అరచేతులు చూసుకున్న.
ఇంత ఎరుపు మన యార్డులనే
రాశులు రాశులుగ పడి ఉంటె
ఏడికెళ్లి తెప్పిచ్చిన్రో
ఆ నూట ఇరవైనాలుగును!

నోట్‌బుక్కుల నా చేతిరాత:
సోమవారం, అన్నం, పెసరుపప్పు, పచ్చిపులుసు.
మంగళవారం, సర్వపిండి. అందుల
బియ్యపు పిండి, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు.
కొంచెం మాడింది.
బుధవారం, గట్క, మజ్జిగ, మళ్ల ఉల్లిగడ్డ.
ఒక్క అంకె లేదు.
అక్షరాలు గీత దాటి పోతున్నయి,
పొనీయ్ అనుకున్న.

నెల ఒడిసింది.
దద్దుర్లు చానా తగ్గినయి, మొత్తం పోలే.
డాక్టరమ్మది తెనాలట.
నోట్‌బుక్కు తిప్పి తిప్పి చూసి
"ఈ సర్వపిండి ఎలా చేస్తారు?" అని అడిగింది.
చెప్పిన. బయట లైనుల ఉన్నోళ్లు గునుస్తున్నా
గిన్నె అడుగున నూనె రాసుడు కాడికెళ్లి
అన్నీ చెప్పిన.

ప్రెస్సు మానలే.
మానితే కిరాయి ఎవరు కడుతరు?
నిన్న కొత్త ఆర్డరు, చిప్స్ పొట్లం.
ప్రూఫు తీసి పార్టీ ఆయన చేతిల పెట్టిన.
వెనుక మడత దగ్గర, సన్నక్షరాల పక్కపొంటి
నా బొటనవేలి ముద్ర, పచ్చగ.
"ఇదేం రంగు ఓదెలన్నా? మనం వెయ్యలే గద."
"పసుపు" అన్న.
గోటితోని గీకిండు.
పోలే.
కండ్లద్దాలు పెట్టుకొని, కాయితం దగ్గరకు పట్టుకొని,
ఆ ముద్ర పక్కన ఉన్నదంత
పెదవులు కదుపుకుంట చదువవట్టిండు.

నేను గడియారం దిక్కు చూసిన.
ఆరైతున్నది.
పొద్దున చింతపండు నానెయ్యకుంటనే వచ్చిన.